చెవిన వేసిన మాట

తార్తూలో నవంబరు. మూడున్నర దాటితే చీకటే.
ఎమయొగి నది మీంచి వచ్చిన గాలి
కిటికీ సందులో ఈల నేర్చుకుంటోంది.
పక్షుల పాటలు దాచే ఆ భవనంలో
హెల్వె రాంద్‌మా, చల్లారిన కాఫీ, ఒక ఫిర్యాదు:

"పొద్దున తొమ్మిదికి బడిపిల్లలొచ్చి
సారసం బొమ్మ నొక్కితే
అది గొంతు విప్పేసరికి పదకొండు సెకన్లు.
మధ్యాహ్నం నొక్కితే టక్కున పలుకుతుంది.
పిట్టకేమైంది?"

పిట్టకేమీ కాలేదు.
రాత్రి రెండింటికి నకళ్లు తీసే ప్రోగ్రాం లేస్తుంది.
నలభై ఏళ్ల రికార్డింగుల్ని మొదట్నుంచి చివరిదాకా
ఒక్కొక్కటీ ఒక్కసారే చదువుతుంది,
మళ్లీ మొహం చూడదు.
ఆపరేటింగ్ సిస్టమ్ పాపం వెర్రిబాగులది.
చదివారంటే మళ్లీ అడుగుతారని
ప్రతి పేజీకీ మెమరీలో చాప పరుస్తుంది.
చోటు చాలక,
పిల్లలు రోజూ అడిగే పిట్టల్ని లేపి బయటికి పంపుతుంది.
తెల్లారేసరికి ఇంటినిండా
మళ్లీ రాని చుట్టాలు.

హెల్వెకి ఇల్మార్ తూవికే గుర్తొచ్చాడు.
టేపుల కాలంలో నేలమాళిగ ఆయనదే.
చీటీ మీద "వరసగా వింటాను" అని రాస్తే
మొదటి రీలు తిరుగుతుండగానే
రెండోదీ మూడోదీ చంకన పెట్టుకుని మెట్లెక్కేవాడు.
"ఎక్కడ పడితే అక్కడ" అని రాస్తే
అడిగిందొక్కటే తెచ్చి ఊరుకునేవాడు.
ఏమీ రాయకపోతే
మనిషి మొహం చూసి లెక్క కట్టేవాడు,
తప్పేవాడు, తిట్లు తినేవాడు.
"చీటీ ఆజ్ఞ కాదమ్మాయ్," అనేవాడు,
"మోకాళ్లు నావి, మెట్లు నావి.
నువ్వు చెవిన వేయి. తర్వాత నా తంటాలు నావి."

హెల్వె ఒక్క వాక్యం చేర్చింది:
ఒకేసారి వాడతాను, మళ్లీ వాడను.
సిస్టమ్ మర్యాదగా సున్నా తిరిగిచ్చింది. సరే అని అర్థం.
ఏమీ జరగలేదు.
ఆ పాత కెర్నెల్లో ఈ మాట వినడానికి గది కట్టారు గానీ
లోపల ఎవర్నీ కూర్చోబెట్టలేదు.

ఇంకో వాక్యం: ఇక అక్కర్లేదు.
ఈసారి పేజీలు లేచి వెళ్లాయి.
కొన్ని మాత్రం కదల్లేదు.
అవి కొత్తగా రాసినవి, ఇంకా డిస్కుకెక్కనివి.
అక్కర్లేదని నువ్వెంత చెప్పినా
భద్రంగా దిగనిదాన్ని అది వదలదు.
ముందు దాచాలి. తర్వాతే మరవాలి.
హెల్వె కాసేపు తెరని చూస్తూ ఉండిపోయింది.
ఈ వరస ఆమెకి ఎవరూ చెప్పలేదు.

తొమ్మిదికి ఊకు అనే కుర్రాడు సారసాన్ని నొక్కాడు.
వేలు తియ్యకముందే అరిచింది.
వాడికి వింతగా అనిపించలేదు, పిట్టలు అరుస్తాయి కదా.

అయినా పూర్తి కాలేదు.
నాకక్కర్లేదు అంటే ఎవరికీ అక్కర్లేదని కాదు.
ఆ అర్ధరాత్రి ఎవరో వింటున్న పాటని
నకలు తీసే చెయ్యి తుడిచేస్తే?
అందుకని మూడో రాత్రి ప్రోగ్రాంకి నేర్పింది:
తలుపు తోసే ముందు తొంగి చూడు.
అప్పటికే కూర్చున్నవాళ్లు నీ చుట్టాలు కారు,
నువ్వు పిలుచుకొచ్చిన వాళ్లనే నువ్వు పంపు.

తెల్లారి పట్టీ చూసింది.
రాత్రి రెండింటికి ఎవరో తెరిచి ఉంచిన ఫైలు ఒక్కటే.
సోమా చిత్తడి నేల, మే నెల, ఎనభై ఏడు.
అందులోనూ మొదటి పంతొమ్మిది సెకన్లే మెమరీలో ఉన్నాయి,
పిట్ట ఇంకా కూయని భాగం.
తేదీ, గాలి దిశ, చలి ఎంతో చెప్పి
కొంచెం దగ్గి
"ఇక నిశ్శబ్దం" అనే ఇల్మార్ గొంతు.

విన్నదెవరో ఆమె వెతకలేదు.
ప్రోగ్రాం పక్కనుంచి నడిచి వెళ్లిపోయింది.